ఖండన మా ఊరు చేరడానికి ఎనిమిదేళ్లు పట్టింది

ఆ మాటను నేను మొదట హిందీలో విన్నాను. 1990 ఆగస్టు 2, గురువారం రాత్రి. కువైట్ నగరం పక్కనే ఉన్న ఫర్వానియాలో, కిటికీలకు దుప్పట్లు కట్టుకున్న గదిలో ఏడుగురం ఒక ట్రాన్సిస్టర్ చుట్టూ కూర్చున్నాం. బీబీసీ హిందీ వార్తలు వస్తున్నాయి. ఆ తెల్లవారుజామున ఇరాక్ సైన్యం సరిహద్దు దాటి కువైట్‌లోకి వచ్చిందని, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇరాక్ మీద ‘నిందా’ తీర్మానం చేసిందని చదివారు. మాలో హిందీ బాగా వచ్చినవాడు హైదరాబాద్ కుర్రవాడు ఒక్కడే. అతను ఆ మాటను అలాగే తెలుగులో చెప్పగానే పాలకొల్లు బాబాయి లేచి నిలబడ్డాడు.

“నింద వేశారా? నింద వేయడమేమిటి? కళ్లెదుట ఇంట్లో దూరినవాడి మీద నింద వేస్తారా?”

మన భాషలో నింద అంటే లేని తప్పును అంటగట్టడం. హిందీలో ఆ మాటకు ఖండించడం అని అర్థమని కుర్రవాడు సర్దిచెప్పాడు. బాబాయి శాంతించలేదు. “సరే, ఖండించారు. ఖండిస్తే ట్యాంకు వెనక్కి తిరుగుతుందా?” అని అడిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకూ అప్పుడు అదే అనిపించింది. కింద రోడ్డు మీద ట్యాంకు గొలుసులు తారును చీల్చుకుంటూ పోతున్న చప్పుడు మూడో అంతస్తులో మా మంచాల దాకా వినబడుతోంది. ఎక్కడో న్యూయార్క్‌లో పదిహేను దేశాల ప్రతినిధులు బల్ల చుట్టూ కూర్చుని, యెమెన్ ఓటింగులో పాల్గొనకపోగా, మిగతా పద్నాలుగు దేశాలూ చేతులెత్తి ‘ఇది తప్పు, బేషరతుగా వెనక్కి పొండి’ అని రాసిన కాగితం ఆ చప్పుడును ఆపలేదు. ఆ కాగితం పేరు 660వ తీర్మానం. అది తిరిగి తిరిగి, ఎనిమిదేళ్లకు, కోనసీమలో మా ఊరికి ఒక బ్యాంకు డ్రాఫ్టు రూపంలో వచ్చింది. మధ్యలో జరిగినదంతా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది ముమ్మిడివరం మండలంలో ఒక ఊరు. నాన్నకు ఎకరంన్నర పొలం ఉండేది, అదీ శివారు భూమి. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి 1986లో కువైట్ వెళ్లాను. షువైఖ్‌లో కార్ల విడిభాగాలు అమ్మే దుకాణంలో స్టోర్‌కీపర్ పని. నాలుగేళ్లలో అప్పు తీరింది, తాటాకు ఇంటిని పెంకుటిల్లు చేయాలని కాస్త కూడబెట్టుకుంటున్నాను. అప్పుడు వచ్చింది ఆ గురువారం.

మా ఖఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని, ఆ వారమే కుటుంబంతో సౌదీ వెళ్లిపోయాడు. మూడు నెలల జీతం, నాలుగేళ్ల సర్వీసు డబ్బు ఆయనతోనే పోయాయి. పది రోజులకు దుకాణం తలుపులు ఊడి ఉన్నాయి, లోపల అరలు కూడా లేవు. జమియా అనే సహకార దుకాణం ముందు బియ్యానికి వరుస, రొట్టెల దుకాణం ముందు ఖుబుస్‌కు వరుస. ఫోన్లు పనిచేయవు. మా అమ్మకు నేను బతికి ఉన్నానో లేదో తెలియదు. ఆ నెల గురించి ఇంతకంటే రాయలేను. చూసినవన్నీ రాసుకోదగినవి కావు.

కానీ ప్రతి రాత్రీ ట్రాన్సిస్టర్ పెట్టేవాళ్లం. తీర్మానాల అంకెలు మాకు నోటికి వచ్చేశాయి. ఆగస్టు 6న 661, ఇరాక్‌పై ఆంక్షలు. 9న 662, కువైట్‌ను ఇరాక్‌లో కలుపుకోవడం చెల్లదని. 18న 664. ఇది విన్నరోజు మాత్రం పాలకొల్లు బాబాయి కూడా మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇతర దేశాలవారిని వెళ్లనివ్వాలని ఆ తీర్మానం చెప్పింది. మొదటిసారి ఆ పెద్దల బల్ల మీద మా సంగతి వచ్చింది. అప్పటికి కువైట్‌లో మనవాళ్లు లక్షా డెబ్బై వేలకు పైగా ఉన్నారు.

మన దేశం ఏమన్నదని అడుగుతారేమో. ఆ సంవత్సరం భారతదేశం భద్రతా మండలిలో లేదు. వి.పి.సింగ్ ప్రభుత్వం ఇరాక్‌ను గట్టిగా ఖండించకుండా ఆచితూచి మాట్లాడింది. విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను ఆలింగనం చేసుకున్న ఫోటో గురించి విని మా గదిలో చాలామంది బాధపడ్డారు. దోచుకున్నవాణ్ణి కౌగిలించుకుంటారా అని నేనూ కోపగించుకున్నాను. తర్వాత జోర్డాన్ రాజధాని అమ్మాన్ విమానాశ్రయంలో ఎయిర్ ఇండియా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగడం చూసినప్పుడు ఆ కోపం సగం చల్లారింది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు, 59 రోజుల్లో 488 విమానాలు లక్షా పదకొండు వేల మందికి పైగా జనాన్ని తెచ్చాయి. మిగిలిన సగం కోపం ఇప్పటికీ ఉంది. మమ్మల్ని ఇంటికి చేర్చింది ఖండించని మన ప్రభుత్వమే. పోయినదానికి ఖరీదు కట్టించింది మాత్రం ఖండించిన దేశాలు. రెండూ నా జీవితంలోనే జరిగాయి కాబట్టి, ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తీసిపారేయడం నావల్ల కాదు.

సెప్టెంబరు మొదటి వారంలో నలభై మందిమి కలిసి బస్సు మాట్లాడుకున్నాం. బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారిలో జోర్డాన్ సరిహద్దుకు. రుత్బా అనే ఊరి దగ్గర బస్సు టైరు పేలింది. మధ్యాహ్నం ఎండ, బస్సులో చుక్క నీరు లేదు. రోడ్డు పక్క ఇంట్లోంచి ఒక ముసలాయన పెద్ద కూజాతో నీళ్లు, పళ్లెంలో ఖర్జూరాలు తెచ్చాడు. నలభై మందికీ చాలేదాకా నాలుగుసార్లు ఇంట్లోకి వెళ్లి వచ్చాడు. దీనారు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆయన కొడుకు సైన్యంలో ఉన్నాడని, కువైట్‌లోనే ఉన్నాడని సైగలతో చెప్పాడు. ఈ ముసలాయనను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

సరిహద్దు దాటాక రువైషిద్ దగ్గర గుడారాల్లో నాలుగు రోజులు ఉన్నాం. నీళ్ల ట్యాంకరు రాగానే తొక్కిసలాట. రాత్రిపూట తేళ్ల భయంతో చెప్పులు విప్పకుండా పడుకునేవాళ్లం. అక్కడే జోర్డాన్ అధికారి ఒకాయన, చెక్క బల్ల వెనక నిలబడి, నా పాస్‌పోర్టులో 14వ పేజీ మీద ముద్ర కొట్టాడు. సిరా అయిపోయినట్టుంది, మొదటిసారి సరిగా పడలేదు. ఇంకో రెండు పాస్‌పోర్టులు అయ్యాక నన్ను పిలిచి, సిరా దిండు మీద గట్టిగా అద్ది, తేదీ కనబడేలా మళ్లీ కొట్టాడు. ఆయనకు అది రోజుకు కొన్ని వేలసార్లు చేసే పని. నాకు అంతకంటే విలువైన పని ఇంకెవరూ చేయలేదని తర్వాత తెలిసింది. ఎందుకంటే నా పాస్‌పోర్టులో కువైట్ విమానాశ్రయంలో దిగినట్టు ముద్ర ఉంది, కువైట్ విడిచినట్టు ముద్ర లేదు. బస్రా వైపు దాటినప్పుడు ఎవరూ ముద్ర వేయలేదు. కువైట్ తమ రాష్ట్రమే అయినప్పుడు అక్కడ సరిహద్దు ఎక్కడుంటుంది అన్నది ఇరాక్ వాదన. జోర్డాన్ ముద్ర కూడా లేకపోతే, కాగితం ప్రకారం నేను ఇంకా ఫర్వానియాలోనే ఉన్నాను.

బొంబాయి, సికింద్రాబాద్, రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం. ఒక సంచితో ఇంటికి చేరాను. అందులో పాస్‌పోర్టు, బతాకా అనే కువైట్ గుర్తింపు కార్డు, రెండు జతల బట్టలు. అమ్మ నా ముఖం తడిమి తడిమి చూసింది. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు.

జనవరి 17న యుద్ధం మొదలై ఫిబ్రవరి చివరికి కువైట్ విడుదలైంది. మనవాళ్లు కొందరు మళ్లీ వెళ్లారు. నేను వెళ్లలేదు. ముమ్మిడివరంలో సైకిలు విడిభాగాల కొట్టు పెట్టుకున్నాను.

నష్టపరిహారం సంగతి మొదట చెప్పినవాడు పాలకొల్లు బాబాయే. ఉత్తరం రాశాడు: ‘దిల్లీలో విదేశాంగ శాఖ కువైట్ వ్యవహారాలకు ప్రత్యేక విభాగం పెట్టింది, ఫారం నింపి పంపితే డబ్బిస్తారట. నమ్మకం లేదు గాని పంపు.’ ఆ ఫారం పట్టుకుని మా ఊరి మాస్టారి దగ్గరకు వెళ్లాను. ఆయన హైస్కూల్లో ప్రధానోపాధ్యాయులుగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు పత్రిక రోజూ చదివేవారు. ఫారం ముట్టుకునే ముందు నాకు గంటసేపు పాఠం చెప్పారు. ఆ పాఠం నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తుంది.

“ధవళేశ్వరంలో నీళ్లు వదిలారని పేపర్లో పడిన రోజునే నీ శివారు పొలానికి నీళ్లు వస్తాయా?” అని అడిగారు. రావు. ప్రధాన కాలువ, అక్కడి నుంచి పిల్ల కాలువ, పంట బోదె, అన్నీ దాటి రావాలి. మధ్యలో ఎక్కడ పూడిక ఉన్నా ఆగిపోతాయి. “660వ తీర్మానం ఆ తలుపు ఎత్తడం. ఇది తప్పు అని మొదట ఒకరు రాయకపోతే, ఆ తప్పుకు ఎవరు బాధ్యులని అడిగే హక్కే ఉండదు. అక్టోబరు 29న 674 వచ్చింది. నష్టానికి ఇరాక్‌దే బాధ్యత, ప్రతి దేశం తన ప్రజల నష్టాల వివరాలు పోగుచేసుకోవాలి అన్నారు. అది ప్రధాన కాలువ. 1991 ఏప్రిల్ 3న 687, అందులో పదహారో పేరా. అక్రమ దాడి వల్ల నేరుగా నష్టపోయిన పరాయి దేశాల ప్రభుత్వాలకు, మనుషులకు, సంస్థలకు ఇరాక్ చెల్లించాలని రాశారు. మేలో 692, జెనీవాలో నష్టపరిహార కమిషన్ పెట్టారు. ఇక మిగిలింది నీ బోదె. అది నువ్వే తవ్వుకోవాలి.” అని ఫారం తీసి నా ముందు పెట్టారు.

దేశాలు తిట్టుకోవడాన్ని అంతకుముందు నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఒక తిట్టు కిందికి దిగి దిగి, ఒక ఫారంలో గడిగా మారి, ఆ గడిలో నా పేరు రాయడానికి చోటు ఉండటం నన్ను కదిలించింది.

అన్ని గడుల్లో ఒక్కటే నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. ‘ఎ’ తరగతి అంటే 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య కువైట్‌ను గాని ఇరాక్‌ను గాని విడిచిపెట్టి రావలసి వచ్చినవారికి. మనిషికి 2,500 డాలర్లు. ఇంక ఏ నష్టమూ అడగనని ఒప్పుకుంటే 4,000. కుటుంబాలకైతే 5,000, అలా ఒప్పుకుంటే 8,000. జీతం పోయింది, సామాను పోయింది, బ్యాంకులో డబ్బు పోయింది అనుకునేవారు ‘సి’ తరగతిలో లక్ష డాలర్ల వరకు విడిగా అడగవచ్చు. కాకపోతే దానికి ఆధారాలు చూపాలి.

నాకు పోయినది లెక్కవేస్తే 4,000 డాలర్ల కంటే ఎక్కువే. మూడు నెలల జీతం, సర్వీసు డబ్బు, గదిలో కొన్న సామాను. కానీ జీతం చీటీలు దుకాణంలో ఉండేవి, దుకాణమే లేదు. ఖఫీల్ ఎక్కడున్నాడో తెలియదు. మాస్టారు సలహా ఇవ్వలేదు, “నీ దగ్గర ఏ కాగితాలు ఉన్నాయో బల్ల మీద పెట్టు” అన్నారు. పెట్టాను. పాస్‌పోర్టు, బతాకా. రెండే. వాటిని చాలాసేపు చూసి, 4,000 గడిలో టిక్కు పెట్టాను. మూడు నెలల జీతాన్ని నా చేత్తో నేనే వదులుకున్నట్టు అనిపించి చేయి వణికింది. పాలకొల్లు బాబాయి పదకొండేళ్ల జీతం చీటీలూ చొక్కా లోపల కుట్టించుకుని తెచ్చుకున్నాడు. ఆయన 2,500 గడి, దానితో పాటు ‘సి’ ఫారం. ట్యాంకు వెనక్కి తిరుగుతుందా అని అడిగినవాడు, ఆ రాత్రే చీటీలు కుట్టించుకోవడం మొదలుపెట్టాడని నాకు అప్పుడు తెలిసింది.

ఎవరికి వారు జెనీవాకు పంపకూడదు, ప్రభుత్వం ద్వారానే పోవాలి. అమలాపురంలో టైపు చేయించి, ముమ్మిడివరం పోస్టాఫీసులో రిజిస్టర్ చేశాను. రసీదును, పాస్‌పోర్టును, ఫారం నకలును మా ఆవిడ ఒక నిడో పాల డబ్బాలో పెట్టింది. 1988లో సెలవుకు వచ్చినప్పుడు నేను తెచ్చిన డబ్బా అది. మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసింది. అంత జాగ్రత్త ఎందుకని అడిగితే, “ఇంట్లో ఎలుకలున్నాయి” అన్నది.

తర్వాత సంవత్సరాలు గడిచాయి. ఏ కబురూ లేదు. పరిహారం డబ్బు ఇరాక్ చమురు అమ్మకాల నుంచే రావాలి. ఆంక్షల వల్ల చమురు అమ్మకం ఆగిపోయింది. పరిమితంగా అమ్ముకోమని మండలి పెట్టిన షరతులకు ఇరాక్ ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. మాస్టారు ప్రతి ఉగాదికీ “కాలువలో నీళ్లు లేవు, బోదె మాత్రం పూడనివ్వకు” అనేవారు.

1996 నవంబరు 6 కోనసీమలో ఉన్నవారికి ఎవరికీ చెప్పనక్కరలేదు. చీకటిపడే వేళకు గాలి దిశ మారింది. కొబ్బరిచెట్లు మొవ్వుల దగ్గర పుటుక్కున విరుగుతున్న శబ్దం, ఒకటి కాదు, వరుసగా తోటంతా. మా తాటాకు కప్పు ఒక్క ఊపుతో లేచిపోయింది. నడుము లోతు నీళ్లలో బడి డాబా మీదకు చేరాం. పిల్లను నేను ఎత్తుకున్నాను. మా ఆవిడ అమ్మ చేయి పట్టుకుంది, రెండో చేత్తో చీర కొంగులో ఏదో మూట గట్టిగా అదుముకుని ఉంది. తెల్లవారాక చూస్తే నిడో డబ్బా. మైనం చెక్కుచెదరలేదు. లోపల 14వ పేజీ మీద ఆ జోర్డాన్ అధికారి రెండోసారి కొట్టిన ముద్ర నీలంగా, తేదీతో సహా, అలాగే ఉంది. మా వాడలో శవాలు లేవు. పక్క ఊళ్ల సంగతి అలా కాదు. వెయ్యి మందికి పైగా పోయిన తుఫాను అది.

చిత్రం ఏమిటంటే, సరిగ్గా తర్వాతి నెలలోనే, డిసెంబరులో, చమురుకు ఆహారం అనే పథకం కింద ఇరాక్ చమురు మళ్లీ అమ్మడం మొదలైంది. 1995 ఏప్రిల్‌లో వచ్చిన 986వ తీర్మానం దానికి దారి చేసింది. అమ్మిన ప్రతి వంద డాలర్లలో ముప్పై జెనీవా నిధికి. ముందుగా పెద్ద కంపెనీలకు కాదు, నాలాంటి చిన్నవారికే చెల్లించాలని కమిషన్ నిర్ణయించింది. ఈ ఒక్క నిర్ణయానికి ఆ కమిషన్‌లో కూర్చున్నవారికి నేను చేతులెత్తి మొక్కుతాను. పెద్ద నష్టాలవాళ్లు ఆగగలరు. కప్పు లేని ఇంట్లో ఉన్నవాడు ఆగలేడు.

1998లో దిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది, వెనకనే 2,500 డాలర్లకు సరిపడా డ్రాఫ్టు. ఖర్చుల కింద స్వల్ప శాతం పట్టుకుని, దాదాపు లక్ష రూపాయలు. దాన్ని పట్టుకుని అమలాపురంలో బ్యాంకుకు వెళితే డబ్బు చేతికి రావడానికి మరో రెండు నెలలు పట్టింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ముందు ఉంది. ఖాతాలో ఇంటిపేరు ఒక్క అక్షరం. టైపు కొట్టులో ఫారం మీద మరోలా పడింది. కౌంటరులో ఉన్న ఆయన మూడు పేర్లూ ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి, “ఈ ముగ్గురిలో మీరెవరు?” అని అడిగాడు. నోటరీ దగ్గర అఫిడవిట్, ఎమ్మార్వో కార్యాలయంలో ఈ పేర్లన్నీ ఒకే మనిషివని ధ్రువపత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఒక కాగితం తెస్తే ఇంకొకటి అడిగేవారు, ఏమేమి కావాలో ఒకేసారి చెప్పేవారు కాదు. ఎడారి దాటిన నాకు ఆ కౌంటరు దాటడానికే ఎక్కువ ఓపిక కావలసి వచ్చింది. గల్ఫ్ వెళ్లే ప్రతివారికీ ఆనాటి నుంచి చెబుతున్నాను: పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో బ్యాంకులోనూ అలాగే రాయించుకోండి.

ఆ డబ్బుతో మూడు గదులకు స్లాబు వేశాం. 2000లో మిగతా 1,500 డాలర్లు వచ్చాయి, అరవై వేల పైచిలుకు. పాలకొల్లు బాబాయికి ‘సి’ తరగతిలో కూడా వచ్చింది.

స్లాబు వేసిన రోజు మేస్త్రీలకు భోజనాలు పెట్టి, నేను మాత్రం తినలేకపోయాను. రుత్బా ముసలాయన కళ్లలో మెదిలాడు. ఆ ఏళ్లలో ఇరాక్‌లో మందులు లేక, పాలు లేక పిల్లలు పోతున్నారని పత్రికల్లో వచ్చేది. నా స్లాబులో పడిన సిమెంటు ఆ వందలో ముప్పై నుంచి వచ్చింది. కువైట్‌ను దోచినవాడు సద్దాం, నాకు నీళ్లిచ్చినవాడు ఆ ముసలాయన, కానీ చమురు ఇద్దరిదీ. ఇది మాస్టారికి చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “నీకు రావలసినదే నీకు వచ్చింది. ఆయనకు రావలసినది ఆయనకు రాలేదు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం కాదు” అన్నారు. నాకు ఊరట కలగలేదు. కలగకూడదనే అనుకుంటున్నాను.

2022లో మా వీధి అబ్బాయి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి వెళ్లింది. మార్చి 2న ఖార్కివ్ వెంటనే వదిలి, బండి దొరకకపోతే నడిచైనా, సాయంత్రం ఆరు లోపల పెసోచిన్ వంటి ఊళ్లకు చేరమని మన రాయబార కార్యాలయం చెప్పింది. అబ్బాయి మంచులో నడిచాడు. అదే రోజు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ రష్యా దాడిని గర్హిస్తూ తీర్మానం చేసింది. అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35. మన దేశం ఆ 35లో ఉంది. వాళ్లమ్మ నా చేయి పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. నాకు మళ్లీ ట్రాన్సిస్టర్ చుట్టూ కూర్చున్నట్టే ఉంది.

మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానంలో అబ్బాయి తిరిగి వచ్చాక ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అడిగాడు: “పెదనాన్నా, 141 దేశాలు ఖండించాయి కదా. ఏమైంది? నేను నడుస్తుంటే బాంబులు పడుతూనే ఉన్నాయి.” పాలకొల్లు బాబాయి ప్రశ్నే. బాబాయి పోయి అప్పటికి ఆరేళ్లు.

నా కథ అంతా చెప్పాను. కానీ తేడా కూడా చెప్పవలసి వచ్చింది, లేకపోతే పిల్లవాడికి అబద్ధం చెప్పినట్టవుతుంది. 1990లో సోవియట్ యూనియన్‌తో సహా ఐదు శాశ్వత సభ్య దేశాలూ ఖండనకు ఓటేశాయి. ఈసారి దాడి చేసిన దేశం చేతిలోనే వీటో ఉంది. ఫిబ్రవరి 25న భద్రతా మండలిలో పదకొండు దేశాలు తీర్మానానికి ఓటేస్తే రష్యా ఒక్క వీటోతో ఆపేసింది. ధవళేశ్వరం తలుపు తాళం పొలం ఆక్రమించినవాడి దగ్గరే ఉంటే మాస్టారు ఏం చెప్పేవారో! సర్వసభ్య సభ మాటకు మండలి మాటకు ఉన్న కట్టుబాటు లేదు. అయినా అబ్బాయితో ఒకటి గట్టిగా చెప్పాను. కాలేజీ ఫీజు రసీదులు, గది అద్దె కాగితం, పోలండ్ సరిహద్దులో పడిన ముద్ర, ఏదీ పారేయవద్దని. అన్నిటినీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. అసలువి కూడా దాచమన్నాను.

ఆ రోజుల్లోనే పత్రికలో మరో వార్త చూశాను. ఫిబ్రవరి 22న, అంటే ఉక్రెయిన్ మీద దాడికి రెండు రోజుల ముందు, భద్రతా మండలి 2621వ తీర్మానంతో జెనీవా కమిషన్‌ను మూసేసింది. పదిహేను లక్షల మంది పైచిలుకు హక్కుదారులకు మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించాక, చివరి వాయిదా కూడా ఆ జనవరిలో కువైట్‌కు చేరాక, పని పూర్తయిందని ప్రకటించారు.

పూర్తయిందన్న మాట చదవగానే కాట్రేనికోన అక్క గుర్తొచ్చింది. ఫర్వానియాలో మా వీధి చివరి ఇంట్లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, పనిచేసేది. దాడి జరిగిన రోజు యజమానులు కార్లలో వెళ్లిపోయారు, ఆమె పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోనే ఉండిపోయింది. నెల రోజులు ఆ ఖాళీ ఇంట్లో ఒంటరిగా ఉంది. బస్రాలో మన రాయబార కార్యాలయం ఇచ్చిన తాత్కాలిక కాగితంతో బయటపడింది, ఆ కాగితం బొంబాయిలో దిగగానే తీసేసుకున్నారు. మేం ఫారాలు నింపుతున్నప్పుడు ఆమె మస్కట్‌లో మరో ఇంట్లో పనిచేస్తోంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ఆమె ఊరికి వెళ్లి ఇంటివాళ్లను అడిగితే చిరునామా దొరికేది, ఆ పని చేయలేదు. ఆమె తిరిగి వచ్చి అడిగేసరికి గడువు దాటిపోయింది. ఆమె పోగొట్టుకున్నది నా కంటే ఎక్కువ, దాటి వచ్చినది నా కంటే కష్టం, అందినది సున్నా.

ఆ ఆదివారం కాట్రేనికోన వెళ్లాను. అక్కకు డెబ్బై దగ్గరపడ్డాయి. వాకిట్లో పీట మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. కమిషన్ మూసేశారని చెప్పాను. “నాకు తెలియనే తెలియలేదు తమ్ముడూ, మూస్తే నాకేం” అంది. క్షమించమని అడిగాను. చేతిలో పని ఆపకుండానే తల ఊపింది.

కాసేపటికి తనే అడిగింది. “నేను కువైట్ నుంచి ఏ తేదీన బయలుదేరానో నీకు తెలుసా? వినాయక చవితి వెళ్లిన పదో రోజు. అంతే గుర్తు. ఇంగ్లీషు తేదీ ఏదో ఎప్పుడూ తెలియలేదు.”

ఫోనులో పాత పంచాంగం తీసి చూశాను. 1990 సెప్టెంబరు 3, సోమవారం.

“రాసివ్వు” అంది. ఆమె మనవరాలి నోటు పుస్తకంలో కాగితం చింపి రాశాను: ఫలానా ఆమె, ఫలానా ఊరు, 1990 సెప్టెంబరు 3న కువైట్ విడిచి వచ్చినది. కింద సాక్షిగా నా సంతకం పెట్టాను, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా, ఇంటిపేరుతో సహా. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. మనవరాలిని పిలిచి రెండుసార్లు చదివించుకుంది.